గోడలోని నెట్‌వర్క్ వైరుకు జాక్ కొట్టడం ఎట్లా

నెల్లూరులోగానీ ఒంగోలులోగానీ కొత్తగా కట్టిన ఇంట్లో టీవీ వెనక చూడండి. గోడ కన్నంలోంచి బూడిదరంగు వైరు ఒకటి వేలాడుతుంటుంది. దాని కొసకే ప్లగ్ కొట్టి రూటర్‌లో దూర్చేసి ఉంటారు. మొదట్లో బాగానే నడుస్తుంది. ఇల్లు ఊడ్చినప్పుడల్లా, టీవీ జరిపినప్పుడల్లా ఆ వైరు వంగీ వంగీ ఒకరోజు లోపలి తీగ పుటుక్కుమంటుంది. గోడలో వేసే వైరులో ఒక్కో రంగుకు ఒకటే గట్టి రాగి తీగ ఉంటుంది. అది కదలకుండా పడి ఉండాల్సిన సరుకు. వంగే పని ప్యాచ్ కార్డుది, అంటే రెండు కొసలా ప్లగ్‌లున్న పొట్టి వైరుది. అందులో ఒక్కో రంగులో ఏడేసి సన్న పోగులు ఉంటాయి. కాబట్టి గోడ వైరు గోడలోనే, జాక్ దగ్గర, అంటే ప్లగ్ దూరే గోడ సాకెట్ దగ్గర ఆగిపోవాలి. అక్కణ్ణుంచి రూటర్‌కో టీవీకో ప్యాచ్ కార్డు పోవాలి.

పైగా జాక్ కొట్టడం ప్లగ్ కొట్టడం కన్నా తేలిక. ఎనిమిది తీగల్ని వేళ్ల మధ్య వరసగా పేర్చి సన్న కన్నాల్లోకి తొయ్యాల్సిన పని లేదు. తప్పు పోతే అదే జాక్‌ని విప్పి మళ్లీ కొట్టుకోవచ్చు. ప్లగ్ ఒకసారి నొక్కితే అంతే, తప్పయితే చెత్తబుట్టే.

ముందు వైరు సంగతి

జాక్ ఎంత బాగా కొట్టినా వైరు మంచిది కాకపోతే ఆ కష్టం బూడిదలో పోసిన పన్నీరు. బజారులో చౌకగా దొరికే పెట్టెల్లో చాలావరకు సీసీఏ వైరు ఉంటుంది: అల్యూమినియం తీగ మీద పలచగా రాగి పూత. పెట్టె మీద క్యాట్6 (వైరు కేటగిరీ పేరు, దీనికి కిందిది క్యాట్5ఈ) అని పెద్ద అక్షరాలతో ఉన్నా అది క్యాట్6 కాదు, ప్రమాణాలు అల్యూమినియాన్ని ఒప్పుకోవు. అల్యూమినియం తీగ రెండుమూడు సార్లు వంచితే విరుగుతుంది. జాక్ గాడిలోకి దిగేటప్పుడే తెగడమూ మామూలే.

గుర్తుపట్టడానికి మూడు దారులున్నాయి. ఒక తీగ కొసను బ్లేడుతో ఏటవాలుగా గీకండి. లోపల వెండిలా తెల్లగా మెరిస్తే సీసీఏ, ఎంత లోతుకు గీకినా ఎర్రగానే ఉంటే రాగి. రెండోది బరువు. 305 మీటర్ల క్యాట్5ఈ పెట్టెలో రాగి ఒక్కటే నాలుగున్నర కిలోలు దాటాలి, క్యాట్6లో అయితే ఐదున్నర కిలోలు. దానిమీద ప్లాస్టిక్ బరువు కలుస్తుంది. పెట్టె మొత్తం కలిపినా ఐదారు కిలోలే తూగితే ఇక చెప్పేదేముంది. మూడోది మల్టీమీటర్. వైరులోని ఎనిమిది తీగలూ రెండేసి మెలేసిన నాలుగు జతలుగా ఉంటాయి. వైరు ఒక కొసన నీలం జతలోని రెండు తీగల్నీ కలిపి మెలేసి, రెండో కొసన ఓమ్‌లు చూడండి. 30 మీటర్ల వైరుకు నాలుగు నుంచి ఐదున్నర ఓమ్‌ల మధ్య రావాలి. ఏడెనిమిది చూపిస్తే అనుమానించాలి. మీటర్ పిన్నుల్ని ఒకదానికొకటి ఆనించి ముందు ఎంత చూపిస్తుందో చూసుకుని దాన్ని తీసెయ్యడం మరవొద్దు, ఇంత చిన్న కొలతలో అదే సగం ఓమ్ ఉంటుంది.

ఇంటికి క్యాట్6 వేసుకోండి. షీల్డు, అంటే లోపల లోహపు రేకు చుట్టు ఉన్న వైరు జోలికి పోవద్దు. దానికి జాక్ దగ్గరా, ఇంటి వైర్లన్నీ వచ్చి చేరే ప్యానెల్ దగ్గరా సరైన ఎర్తింగ్ ఇవ్వకపోతే డబ్బు దండగ. జాక్ కూడా వైరు కేటగిరీదే కొనాలి. క్యాట్6 తీగ 23 గేజ్, క్యాట్5ఈ తీగ 24 గేజ్. గేజ్ అంకె తగ్గేకొద్దీ తీగ లావు. సన్న తీగకని చేసిన గాడిలో లావు తీగ సరిగ్గా కూర్చోదు.

ఏమేం కావాలి

గుండ్రటి వైరు స్ట్రిప్పర్, తీగను జాక్ గాడిలోకి కొట్టే పంచింగ్ టూల్ (110 అనే రకం బ్లేడున్నది), ఫ్లష్ కట్టర్ లేదా పదునైన కటింగ్ ప్లేయర్, వైరు టెస్టర్, మార్కర్ పెన్ను. ఇంతే. వీటిలో పంచింగ్ టూల్ దగ్గర పిసినారితనం వద్దు. జాక్‌తోపాటు ఉచితంగా ఇచ్చే చిన్న ప్లాస్టిక్ ముక్కతో తీగను గాడిలోకి తొయ్యొచ్చుగానీ అడుగుదాకా దిగదు, మిగిలిన కొసను కత్తిరించదు. లోపల స్ప్రింగు ఉండి ‘టక్’మని కొట్టే రకమే కొనండి.

టెలిఫోన్ లైన్ల పని చేసినవాళ్ల దగ్గర క్రోన్ టూల్ ఉంటుంది. చూడటానికి అన్నదమ్ముల్లాగే ఉన్నా రెండూ ఒకటి కాదు. క్రోన్ బ్లేడును 110 జాక్ గాడిలో బలవంతంగా దించితే గాడి గోడలు పగులుతాయి, లోపలి లోహపు రెక్కలు విచ్చుకుపోతాయి. ఆ తర్వాత తీగ వదులుగానే ఉంటుంది. రెండు రకాలకూ పనికొచ్చే జాక్‌లు ఉన్నాయి. ప్యాకెట్ మీద ఆ మాట ఉంటేనే క్రోన్ వాడండి.

రంగుల వరస

తీగల రంగులకు టి568ఏ, టి568బి అని రెండు ప్రమాణ వరసలున్నాయి. టి568బి వరస ఇది: 1 నారింజ చార తెలుపు, 2 నారింజ, 3 ఆకుపచ్చ చార తెలుపు, 4 నీలం, 5 నీలం చార తెలుపు, 6 ఆకుపచ్చ, 7 గోధుమ చార తెలుపు, 8 గోధుమ. టి568ఏలో నారింజ జతా ఆకుపచ్చ జతా చోట్లు మార్చుకుంటాయి, మిగతాదంతా ఒకటే. రెండింట్లో ఏది వాడినా వేగంలో తేడా రాదు. మన దగ్గర ఎక్కువమంది బి వాడతారు కాబట్టి మీరూ అదే పట్టుకోండి, రేపు ఇంకెవరు వచ్చి బాగుచేసినా తికమక ఉండదు. ఒక కొస ఏ, ఇంకో కొస బి కొట్టినా ఇప్పటి పరికరాలు సర్దుకుని నడుస్తాయి. నడుస్తున్నాయి కదా అని వదిలేస్తే తర్వాత టెస్టర్ పెట్టినవాడికి తలనొప్పి.

ఒక్క సంగతి గట్టిగా గుర్తుంచుకోవాలి. జాక్ మీద గాళ్లు 1, 2, 3 అని వరసలో ఉండవు. ఒక పక్క నాలుగు, ఇంకో పక్క నాలుగు ఉంటాయి, వాటి అమరిక ఒక్కో కంపెనీది ఒక్కో తీరు. జాక్ పక్కన అంటించిన స్టిక్కర్‌లో ఏకి ఒక వరస, బికి ఒక వరస రంగులు ఉంటాయి. ప్లగ్ వరస నోటికి వచ్చు కదా అని దాని ప్రకారం జాక్ కొడితే పప్పులో కాలేసినట్టే. స్టిక్కర్ ఏది చెబితే అది. అదే కంపెనీ వేరే మోడల్‌లో కూడా వరస మారొచ్చు, కాబట్టి కొత్త ప్యాకెట్ విప్పినప్పుడల్లా ఒకసారి చూసుకోండి.

జాక్ కొట్టడం

గోడ బాక్సులోంచి వైరు 25 సెంటీమీటర్లు బయటికి ఉండనివ్వండి. మరీ పొట్టిగా ఉంటే చెయ్యి ఆడదు, తప్పు పోతే మళ్లీ కొయ్యడానికి మిగలదు. మరీ పొడుగైతే బాక్సులో కుక్కాల్సి వస్తుంది. క్యాట్6 వైరు లావు 6 మిల్లీమీటర్లు ఉంటుంది, దాన్ని ఆ లావుకు నాలుగు రెట్లకంటే చిన్న వంపులో వంచకూడదు. అంటే వంపు వ్యాసార్ధం 25 మిల్లీమీటర్లకు తగ్గొద్దు. మడత పడితే లోపలి జతల మధ్య దూరాలు చెదిరిపోతాయి.

స్ట్రిప్పర్‌ను కొసకు నాలుగు సెంటీమీటర్ల దగ్గర పెట్టి ఒకటి రెండు చుట్లు తిప్పండి. పైతొడుగు పూర్తిగా తెగేదాకా తిప్పక్కర్లేదు. గీత పడ్డాక అక్కడ వంచితే అదే విడిపోతుంది. విడిపోయినచోట రంగు తీగల్ని దగ్గరగా చూడండి. ఏ తీగ ప్లాస్టిక్ మీదైనా సన్న గాటు కనిపిస్తే ఆ ముక్క కోసేసి, బ్లేడు లోతు తగ్గించి మళ్లీ మొదలుపెట్టండి. ఆ గాటు దగ్గరే రేపు తీగ విరిగేది. లోపల సన్న నైలాన్ దారం ఉంటే కత్తిరించండి. క్యాట్6లో నాలుగు జతల్నీ వేరుచేస్తూ ప్లస్ గుర్తు ఆకారంలో ప్లాస్టిక్ బద్ద ఉంటుంది. జతల్ని వెనక్కి వంచి ఆ బద్దను పైతొడుగు అంచుకు సమంగా కోసెయ్యండి. సగం వదిలేస్తే జాక్ మూత పడదు.

ఇప్పుడే చాలామంది తప్పు చేస్తారు: నాలుగు జతల మెలికల్నీ మొదలంటా విప్పేసి, దువ్వి, ఎనిమిది తీగలుగా పరుస్తారు. ఆ మెలికే ఈ వైరుకు ప్రాణం. ఒక జతలోని సంకేతం పక్క జతలోకి ఒలికిపోకుండా ఆపేది అదే. గాడిలో దిగేచోటుకు 13 మిల్లీమీటర్లలోపు, అంటే అరంగుళంలోపే మెలిక విప్పాలి. ఎంత తక్కువ విప్పితే అంత మంచిది. చౌక వైర్లలో తెల్ల తీగల మీద రంగు చారే ఉండదు, నాలుగూ వట్టి తెలుపే. వాటి మెలిక విప్పేస్తే ఏ తెలుపు ఏ రంగుకు జతో దేవుడికే ఎరుక.

జతను మెలికతోనే గాడి దాకా తీసుకొచ్చి, రెండు గాళ్ల మధ్య నిలబడిన ముల్లులాంటి ప్లాస్టిక్ మీద పెట్టి చీల్చినట్టు రెండు తీగల్నీ చెరో గాడిలో వెయ్యండి. పైతొడుగు అంచు జాక్ ఒంటికి ఆనుకునే ఉండాలి. వెనకవైపు జతల్ని ముందు, ముందువైపు జతల్ని తర్వాత వేస్తే చేతికి అడ్డం రావు. తీగ తోలు ఒలవక్కర్లేదు. గాడి లోపల చీలిక ఉన్న లోహపు రెక్క ఉంటుంది, తీగ దానిలోకి దిగేటప్పుడు ప్లాస్టిక్‌ను అదే కోసుకుని రాగిని పట్టుకుంటుంది.

పంచింగ్ టూల్ బ్లేడుకు ఒక పక్క కత్తి అంచు ఉంటుంది. ఆ అంచు జాక్ బయటివైపు ఉండాలి. తిరగేసి కొడితే జాక్‌లోకి వచ్చే తీగే తెగిపోతుంది. టూల్‌ను గాడికి నిటారుగా పట్టి, టక్కున స్ప్రింగు కొట్టేదాకా ఒత్తండి. ఏటవాలుగా ఒత్తితే రెక్క వంగుతుంది. జాక్‌ను అరచేతిలో పట్టుకుని కొట్టొద్దు, బ్లేడు జారితే నేరుగా చేతిలోకే. జాక్ పట్టుకునే ప్లాస్టిక్ బిళ్ల దొరుకుతుంది, లేదంటే చెక్క ముక్క మీద పెట్టి కొట్టండి. టూల్ మీద హై, లో అని మీట ఉంటే లోతో మొదలుపెట్టండి, కొస తెగకపోతేనే హైకి మార్చండి. రెండుసార్లు కొట్టినా కొస తెగలేదంటే బ్లేడు మొండిబారింది, మార్చుకోవాలి.

కొట్టాక పక్కనుంచి చూడండి. ఎనిమిది తీగలూ ఒకే లోతులో ఉండాలి. ఏదైనా పైకి తేలినట్టు కనిపిస్తే మళ్లీ ఒకసారి కొట్టండి. తెగిన కొసలు గాళ్ల మధ్య ఇరుక్కుని ఉంటే దులిపెయ్యండి. అవి కింద కరెంటు సాకెట్ ఉన్న బాక్సులో పడితే ప్రమాదం. మాడ్యులర్ స్విచ్ ప్లేటులో 230 వోల్టుల సాకెట్ పక్కనే నెట్‌వర్క్ జాక్ బిగించడం ఇళ్లల్లో మామూలైపోయిందిగానీ విడి బాక్సే పద్ధతి. పైపు కూడా విడిగానే వెయ్యాలి. రెండూ అడ్డంగా దాటాల్సి వస్తే 90 డిగ్రీల కోణంలో దాటించండి.

తప్పు గాడిలో కొడితే తీగను కొక్కెంతో పైకి లాగి, ఆ నొక్కుడు పడ్డ కొస కోసేసి, కొత్త భాగంతో కొట్టండి. ఒక గాడిలో రెండు తీగలు ఎప్పుడూ వద్దు. మూత నొక్కి, జాక్‌ను గోడ మీది పలకలో, అంటే ఫేస్‌ప్లేట్‌లో బిగించే ముందే టెస్టర్ పెట్టండి.

టూల్ అక్కర్లేని జాక్‌లు కూడా ఉన్నాయి: తీగల్ని మూతలో పేర్చి ప్లేయర్‌తో నొక్కడమే. ధర ఎక్కువ. ఒకటి రెండు పాయింట్లకైతే పంచింగ్ టూల్ కొనడం కన్నా ఇదే నయం.

ప్లగ్ తప్పనిచోట

గోడమీది కెమెరాకో పైకప్పులోని వైఫై యాక్సెస్ పాయింట్‌కో జాక్ పెట్టే చోటు ఉండదు. అక్కడ వైరుకు నేరుగా ప్లగ్ కొట్టొచ్చు, 2018లో వచ్చిన టిఐఏ (అమెరికా టెలికాం పరిశ్రమ సంఘం) ప్రమాణం కూడా దీన్ని ఒప్పుకుంది. అయితే ప్లగ్ గట్టి తీగకు చేసిందై ఉండాలి. అందులో బ్లేడు పళ్లు తీగను అటూ ఇటూ కరిచి పట్టుకుంటాయి. పోగుల వైరు ప్లగ్‌లో పళ్లు పోగుల మధ్యలోకి దిగుతాయి, అదే గట్టి తీగ మీద పడితే పక్కకు జారి ఇవాళ నడిచి రేపు ఆగుతుంది.

తీగల్ని వరసలో చదును చేసి 12, 13 మిల్లీమీటర్లు వదిలి ఒకే వేటుకు అడ్డంగా కొయ్యండి. ప్లగ్‌లోకి తోశాక ముందునుంచి చూస్తే ఎనిమిది రాగి చుక్కలు కనిపించాలి. వెనక పైతొడుగు ప్లగ్ లోపలికి, నొక్కుడు పట్టీ కిందికి వచ్చి ఉండాలి. రంగు తీగలు బయటికి కనిపిస్తున్నాయంటే వైరు బరువంతా ఆ సన్న తీగల మీదే. తీగలు ముందుకు పొడుచుకొచ్చే పాస్‌త్రూ ప్లగ్‌లు చేతికి సుళువు, కానీ వాటికి కొసలు కోసే బ్లేడున్న క్రింపర్ (ప్లగ్ నొక్కే టూల్) వేరే ఉండాలి. బ్లేడు మొండిదైతే రాగి కొసలు ఒకదానివైపు ఒకటి వంగి, వైరు మీదే కరెంటు పంపే పీఓఈ లైన్‌లో షార్ట్ అవుతాయి.

టెస్టర్ ఏది చెబుతుంది, ఏది చెప్పదు

తొమ్మిది వోల్టుల బ్యాటరీతో నడిచే రెండు ముక్కల టెస్టర్‌లో రెండు పక్కలా 1 నుంచి 8 దాకా లైట్లు ఒకే వరసలో వెలగాలి. ఒక లైటు రాకపోతే ఆ తీగ దిగలేదు. 1 వెలిగినప్పుడు అవతల 3, 2 వెలిగినప్పుడు 6 వెలిగితే ఒక కొస ఏ, ఒక కొస బి. పీఓఈ స్విచ్‌కు తగిలించి ఉన్న వైరుకు టెస్టర్ పెట్టకండి, కాలిపోతుంది.

ఇది పట్టుకోలేని తప్పు ఒకటుంది. తెలిసీ తెలియనివాళ్లు నారింజ, ఆకుపచ్చ, నీలం, గోధుమ అని జతల్ని వరసగా రెండు కొసల్లోనూ పేర్చేస్తారు. రెండు పక్కలా ఒకటే కాబట్టి ఎనిమిది లైట్లూ చక్కగా వెలుగుతాయి. కానీ 3, 6 పిన్నులు ఒకే జత కావాలి. ఈ వరసలో 3 ఆకుపచ్చ జతలోనూ, 6 నీలం జతలోనూ పడతాయి. మెలిక రక్షణ పోతుంది. పొట్టి వైరులో తేడా తెలియదు. పొడుగు పెరిగేకొద్దీ వేగం పడిపోతుంది, లైన్ తెగి తెగి వస్తుంది. దీన్ని కనిపెట్టడానికి ఫేస్‌ప్లేట్ విప్పి కళ్లతో చూడటమే చౌకైన దారి. ఆసుపత్రులు, కాలేజీలు లాంటి పెద్ద పనులకు ఫ్లూక్ లాంటి సర్టిఫికేషన్ మీటర్ అద్దెకు తెచ్చి ప్రతి పాయింటు రిపోర్టూ ఇవ్వాలి.

టెస్టర్ తర్వాత ల్యాప్‌టాప్ తగిలించి లింక్ స్పీడ్ చూడండి. గిగాబిట్ (1000 ఎంబీపీఎస్) స్విచ్‌కు తగిలించినా 100 ఎంబీపీఎస్సే చూపిస్తుంటే ముందు 4, 5, 7, 8 అనుమానించండి. 100కు 1, 2, 3, 6 చాలు, గిగాబిట్‌కు నాలుగు జతలూ కావాలి. వైరు కదిలిస్తే వచ్చిపోతుంటే గాటు పడ్డ తీగ. విడి అడాప్టర్ పెడితే బొమ్మ వచ్చే కెమెరాకు వైరు మీద కరెంటు మాత్రం అందకపోతే ఇంజెక్టర్ (వైరులోకి కరెంటు ఎక్కించే డబ్బా) 4, 5, 7, 8 మీద పంపే రకమేమో చూడండి, అయితే 4, 5 రెండూగానీ 7, 8 రెండూగానీ తెగి ఉండొచ్చు.

పగలు బాగుండి రాత్రి కాగానే ఆగి ఆగి మొదలయ్యే కెమెరా కథ వేరు. చీకటిపడగానే ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగి కరెంటు ఎక్కువ లాగుతుంది. 12 వోల్టులను నేరుగా వైరులో పంపే చౌక పీఓఈ అయితే 60 మీటర్ల మంచి రాగి క్యాట్5ఈ వైరులో, పోనూ రానూ రెండేసి తీగలు వాడినా, 0.6 ఆంపియర్లకు 3 వోల్టులు దారిలోనే పోతాయి. కెమెరాకు అందేది 9. సీసీఏ వైరైతే ఇంకా అధ్వానం. 48 వోల్టుల అసలు పీఓఈకి మారడమే మందు.

సముద్రపు గాలి, రొయ్యల చెరువులు, రాతి దుమ్ము

మైపాడు, కొత్తపట్నం వైపు ఇళ్లల్లో జాక్ లోపలి పిన్నులు పచ్చబారడం, నల్లబడటం తరచూ చూస్తాం. ఉప్పు గాలి పని అది. పిన్నుల మీద 50 మైక్రో ఇంచుల బంగారు పూత అని రాసి ఉన్న జాక్ తీసుకోండి. మూత ఉండే ఫేస్‌ప్లేట్ పెట్టి, కుదిరితే జాక్ నోరు కిందికి చూసేట్టు బిగించండి. వాడని జాక్‌లకు రబ్బరు బిరడాలు పెట్టండి. చీమకుర్తిలో గ్రానైట్ కోసే షెడ్లలోనూ ఇదే జాగ్రత్త. అక్కడి మెత్తటి రాతి పొడి తడితో కలిసి పిన్నుల మధ్య గట్టిపడుతుంది. ఊదితే పోదు, జాక్ మార్చాల్సిందే.

ఇందుకూరుపేట, విడవలూరు వైపు చెరువు గట్ల మీద కెమెరాలు పెట్టేవాళ్లు లోపల వాడే బూడిదరంగు పీవీసీ వైరే లాగుతున్నారు. ఎండకు అది పెళుసుబారి చిట్లుతుంది, ఆ చిట్లులోంచి దిగిన నీరు వైరు పొడుగునా పాకి జాక్‌లోకి వస్తుంది. బయటికి నల్లటి పాలిథిన్ తొడుగు వైరే వాడాలి. అందులో జెల్ నింపిన రకమైతే జాక్ కొట్టే ముందు ప్రతి తీగనూ ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవండి, లేకపోతే తీగలు వేళ్లలో జారుతాయి, జెల్‌కు దుమ్ము అంటుకుంటుంది.

జాక్, ప్లగ్ కలిసేచోటు ఐపీ66 బాక్సులో, అంటే దుమ్మూ నీటి జల్లూ దూరని బాక్సులో ఉండాలి. వైరు బాక్సు కిందివైపు నుంచి గ్లాండ్ (వైరు చుట్టూ బిగుసుకునే బిగింపు) గుండా పైకి ఎక్కాలి. ఎక్కే ముందు చిన్న ఉయ్యాల వంపు వదిలితే వాన నీరు ఆ వంపు అడుగునే కారిపోతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు పడే ఈశాన్య రుతుపవనాల వానల్లో పైనుంచి వైరు దింపిన బాక్సు ఏదీ పొడిగా మిగలదు. చెరువు నీటికి గాలి పట్టించే ఏరేటర్ మోటార్ల కరెంటు వైర్లతో కలిపి ఒకే పైపులో వెయ్యొద్దు.

దూరం కూడా కొలుచుకోండి. వైరు మీదే మీటరుకో అంకె అచ్చేసి ఉంటుంది, రెండు కొసల అంకెల తేడా పొడుగు. గోడ జాక్ నుంచి ప్యానెల్ దాకా 90 మీటర్లు, రెండు వైపులా ప్యాచ్ కార్డులు కలిపి ఇంకో 10. గట్టు అంతకంటే పొడుగైతే మధ్యలో జాక్ కలిపి అతికించడం పరిష్కారం కాదు, ఆ ముక్కకు ఫైబర్ వెయ్యాలి. పైగా లోహమేదీ లేని ఫైబర్ రకమైతే ఏప్రిల్, మే ఉరుముల వానల్లో పిడుగు పోటు ఆ దారిన ఇంటి స్విచ్ దాకా రాదు.